ఆసామి పేరు కింద దొరికిన తమ్ముడు

మా తమ్ముడిని పిల్లల జైల్లో పెట్టినప్పుడు వాడికి పదమూడేళ్ళు, నాకు పదిహేడు. ఇప్పుడు వాడికి అరవై తొమ్మిది, నాకు డెబ్బై మూడు. జైలు అనకూడదట, హోము అనాలట. బయట గొళ్ళెం ఉన్నదాన్ని నేను జైలనే అంటాను.

వాడు చేసింది ఇంతే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నైలాన్ తాడు చుట్ట ఒకటి దొరికితే నెల్లూరు తీసుకుపోయి అమ్మబోయాడు. దొంగసొత్తని పట్టుకున్నారు. మెజిస్ట్రేటు ఆరు నెలలన్నాడు. కోర్టు వరండాలో అమ్మ పక్కన నిలబడి ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆరు నెలలు అయిపోయినా వాడిని వదల్లేదు. అడిగితే పైనుంచి కాగితం రావాలన్నారు.

మా పల్లెలో అమావాస్యనాడు వల దించరు. ఆ రోజు నాన్న ఇంటిపట్టున ఉండి చిన్నవాళ్ళను చూసుకుంటే, అమ్మా నేనూ రెండు బస్సులు మారి వాడిని చూసి వచ్చేవాళ్ళం. నా ఎనిమిదో తరగతి లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో అమావాస్యకొక వరస రాశాను. ఏ బస్సుకు వెళ్ళాం, ఏం తీసుకెళ్ళాం, ఎంతసేపు చూడనిచ్చారు. మొత్తం పదహారు వరసలు. ఒకదాన్ని మాత్రం కొట్టేసి ‘తుఫాను, బస్సు లేదు’ అని రాసుకున్నాను. పదహారు అమావాస్యలు ఆరు నెలల్లో పట్టవు.

తిరిగొచ్చినప్పటి నుంచి వాడు తలకు తువ్వాలు చుట్టుకుని చెవులు కప్పుకుంటాడు. తొమ్మిదేళ్ళప్పుడు గాలం తగిలి ఎడమ చెవి తమ్మె చీలిపోయింది. ఇక్కడ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అక్కడ మాత్రం వాడిని ‘చీలిచెవోడా’ అనే పిలిచేవారట. ఈ ఒక్క సంగతి తప్ప ఆ రోజుల గురించి వాడు ఏమీ చెప్పలేదు.

గడువు దాటాక కూడా ఆ హోములో ఉంచేసిన కొందరు కలిసి పరిహారం కోసం కేసు వేశారని కిందటేడు తెలిసింది. వాళ్ళ తరఫు వకీలు నెల్లూరులో ఉండే ఒక అమ్మాయి. నా నోటుపుస్తకం తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను. మా తమ్ముడి పేరు కూడా చేర్చింది.

వాడికి ఇష్టం లేదు. “ఎందుకక్కా ఇప్పుడు? ఆడ ఉన్నోళ్ళు సగం మంది సచ్చే పొయ్యుంటారు,” అన్నాడు.

“నువ్వు సావలేదు గదరా.”

“మనవరాళ్ళకు తెలిస్తే తలెత్తుకోగలనా?”

“తెలియనీ. తాడు నువ్వు దొంగిలించలా. నీ నెలల్ని వాళ్ళు దొంగిలించినారు. సిగ్గు ఎవురికి?”

వాడు తువ్వాలు సర్దుకున్నాడు.

అవతలి పక్షం వాళ్ళు ఒక్కటే మాట పట్టుకున్నారు. ఇతను మా దగ్గర ఉన్నట్టు ఆధారం చూపమన్నారు. కోర్టు కాగితాలు ఏనాడో చెదలు తిన్నాయి. హోము మూతబడ్డాక దాని రిజిస్టర్లు నెల్లూరులో ఒక ఆఫీసుకు చేరాయని వకీలమ్మాయి కనుక్కుంది.

“అవ్వా, వాయిదా లోపల రిజిస్టరులో పేజీ దొరక్కపోతే తాత పేరు జాబితాలోంచి తీసేస్తారు,” అంది. వాయిదాకు నలభై ఒక్క రోజులుంది.

ఇందుకూరుపేట దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. మొదటిసారి వెళ్ళినప్పుడు క్లర్కు భోజనానికి పోయాడు, సాయంత్రం దాకా రాలేదు. రెండోసారి, పిల్లల పేర్లకు పట్టీ లేదంటూ తండ్రుల పేర్ల పట్టీ తీసి వేలు పెట్టి చూశాడు. మా నాన్న పేరు లేదు. మూడోసారి నన్ను చూడగానే నవ్వాడు.

“ఏందమ్మా, మళ్ళా వచ్చినారా? మీకు భయపడి మీ తమ్ముడు రిజిస్టర్లోంచి కూడా పారిపొయ్యినట్టుండాడే.”

“పారిపొయ్యేవాడైతే అప్పుడే పారిపొయ్యుండేవాడయ్యా. మీరు దొరకలేదన్నారు గానీ లేదనలా. లేదని రాసి ముద్ర ఏసియ్యండి, నేను రాను.”

అతను రాసివ్వలేదు. లేదని సంతకం పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ పట్టు ఒకటి నాకు మిగిలింది.

ఇంటికొచ్చి తమ్ముడిని నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. “మొదటిరోజు గేటు కాడ నిన్ను ఏం అడిగినారు? ఉన్నదున్నట్టు చెప్పు.”

“నీ పేరేందన్నారు, చెప్పినా. ఎవురోడివిరా అన్నారు.”

“నాన్న పేరు చెప్పినావా?”

“నాన్న పేరెందుకు చెప్తానక్కా? ఆసామి పేరు చెప్పినా.”

లెక్క తప్పనిదాన్నని ఊళ్ళో నాకు పేరు. ఈ సంగతి తట్టడానికి నాకు మూడు ప్రయాణాలు పట్టింది. పడవ ఒడ్డుకు చేరగానే మా పిల్లలు గిన్నెలు పట్టుకుని మూగుతారు. కూరకు చేపలు వేసేవాడు ‘ఎవురోడివిరా?’ అంటాడు. ఏ పడవ మీద పనిచేసేవాడి బిడ్డో తెలిస్తేనే వేస్తాడు. అందుకని ఆ పడవ సొంతదారైన ఆసామి పేరు చెబుతాం. నేనూ చెప్పాను, నా పిల్లలూ చెప్పారు. మా నాన్న తన జీవితమంతా ఒకే ఆసామి పడవ మీద పనిచేశాడు.

నాలుగోసారి తమ్ముడిని కూడా బస్సెక్కించాను. ఆసామి పేరు చెబితే క్లర్కు పట్టీ తిప్పాడు, లోపలికి వెళ్ళి ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చి దుమ్ము దులిపాడు. పేజీ దొరికింది. మా తమ్ముడి పేరు ఉంది. మా పల్లె పేరు ఉంది. తండ్రి అన్న చోట ఆసామి పేరు ఉంది.

“ఈ పిల్లోడు వేరే ఆయన కొడుకమ్మా,” అన్నాడు క్లర్కు.

“గుర్తులు అని ఒక గడి ఉంటుంది, చదవండి.”

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. “ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉన్నది.”

నేను తమ్ముడి వైపు చూడలేదు. చూస్తే వాడిని బలవంతపెట్టినట్టు అవుతుంది. కాసేపటికి వాడే తువ్వాలు విప్పి, కిటికీ వెలుతురు పడేటట్టు మెడ తిప్పాడు. క్లర్కు లేచి నిలబడి చూశాడు.

“కూర్చోండి పెద్దాయనా,” అన్నాడు. కుర్చీ కూడా అతనే లాగాడు.

చేర్చుకున్న తేదీ, వదిలిన తేదీ రెండూ ఆ పేజీలోనే ఉన్నాయి. నకలు మీద ముద్ర వేసేలోపు లెక్క కట్టాను. నాలుగు వందల అరవై ఎనిమిది రోజులు. ఆరు నెలలకు నూట ఎనభై రెండు తీసేస్తే రెండు వందల ఎనభై ఆరు. పదహారు అమావాస్యలూ ఆ తేదీల మధ్య సరిగ్గా కుదిరాయి.

తండ్రి పేరు తేడాకు అక్కగా నా అఫిడవిట్ కావాలంది వకీలమ్మాయి. టైపు చేయించి తెచ్చింది. ‘బాల్యంలో తెలియక, పొరపాటున వేరొకరి పేరు చెప్పినందున’ అని ఉంది.

“ఈ మాట తీసెయ్యమ్మా. నేను సంతకం పెట్టను.”

“అందరూ ఇట్టే రాస్తారవ్వా. పొరపాటంటే కోర్టు ఒప్పుకుంటుంది.”

“పొరపాటు వాడిది కాదు. మా ఊళ్ళో ఆ మాట అడిగితే చెప్పాల్సిన జవాబు అదే. పదమూడేళ్ళోడు సరిగ్గా చెప్పినాడు. తండ్రెవరని అడగకుండా తండ్రి గడిలో రాసుకున్నది వాళ్ళు. ఒకసారి చెయ్యని తప్పుకు శిక్ష పడింది. రెండోసారి మేమే రాసి ఇయ్యాలా?”

“వాయిదా ఎల్లుండవ్వా.”

“అయితే ఇప్పుడే మార్చు.”

మార్చింది. చేపలు పంచే పద్ధతంతా నేను చెబుతుంటే మొదటినుంచి మళ్ళీ రాసింది. రెండు పేజీలైంది. ప్రతి వాక్యం చదివించుకుని సంతకం పెట్టాను. పల్లెలో మరో ఇద్దరు ముసలివాళ్ళు సాక్షులుగా పెట్టారు.

వాయిదా రోజున అవతలి వకీలు తండ్రి పేరు వేరని లేచాడు. మా వకీలమ్మాయి ఆ రెండు పేజీలూ చదివింది. జడ్జిగారు విని, పేజీలో గుర్తులు చూసి, మా తమ్ముడిని దగ్గరికి రమ్మన్నారు. జాబితాలో పేరు ఉంచమన్నారు. కేసు ఇంకా తేలలేదు. రిజిస్టరు సరిచూసుకోవడానికి అవతలివాళ్ళు గడువు అడిగారు, ఇచ్చారు. ఆ తేదీని లెక్కల నోటుపుస్తకంలో పదిహేడో వరసగా రాసుకున్నాను.

తిరుగు బస్సులో తమ్ముడు కిటికీ పక్కన కూర్చున్నాడు. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“చెవిలో గాలి కొడతా ఉంది, కప్పుకోరా,” అన్నాను.

“కొట్టనీలేక్కా,” అన్నాడు.