దోమలకు పానకం పోసిన అల్లుడు

ఈ సంగతి నేనే రాసిపెట్టాలి. మా అత్త సాయమ్మ తన ఊరు గట్టులో కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నది, చెప్పిన ప్రతిసారీ నన్ను ఇంకొంచెం తెలివితక్కువవాణ్ని చేస్తున్నది. అసలు జరిగిందే సరిపడా ఉన్నప్పుడు కల్పన ఎందుకు? ఒక బెల్లం అచ్చుతో కాపురాన్ని ఎట్లా చెదరగొట్టవచ్చో వినండి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లకు వస్తున్న కాలం. గద్వాల అంచున ఉన్న మా ఊరిని మున్సిపాలిటీలో కలుపుతామంటే కలపమని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. గ్రంథాలయంలో పేపర్లన్నీ నమిలినవాణ్ని కదా! పొగ మిషన్ వస్తుందని, దోమలు మాయమవుతాయని చాయ్ హోటల్ ముందు ఉపన్యాసం దంచాను. కలిశాం. మురుగు మోరీలు తీసే పంచాయతీ మనిషి మానేశాడు. మున్సిపాలిటీ మనిషి రానేలేదు. ఇంటి పన్ను మాత్రం దారి అడగకుండా వచ్చింది. ఊరంతా మున్సిపాలిటే, మోరీ తీసే దిక్కు లేదు.

అప్పుడే అత్త నా భార్య రేణుకను, మూడు నెలల కొడుకును దిగబెట్టడానికి వచ్చింది. తెల్లారేసరికి పిల్లవాడి ముఖం కందిపప్పు ఆరబోసినట్టయింది.

"అల్లుడా, ఐతారం దాకా చూస్త. దోమలు పోకుంటే ఇద్దర్నీ తోల్కపోత," అంది.

గ్రంథాలయానికి ఉరికాను. ఒక పుస్తకంలో దొరికింది: ఆడదోమకు రక్తం గుడ్ల కోసమేనట, ఆడైనా మగైనా కడుపు నింపుకునేది తీపి రసాలతోనట. కడుపు నిండినవాడు కరుస్తాడా? పేజీ తిప్పబోతుంటే లైబ్రేరియన్ ఆంజనేయులు సారు తాళంచెవి ఆడించాడు. తిప్పకుండానే లేచాను. మేధావికి సగం చాలదా?

కిరాణం ఖాజా భాయ్ బెల్లం తూస్తూ పండుగేమిటని అడిగాడు. దోమలకని చెప్పాను. తక్కెడ దించాడు.

"చక్కెరే పెట్టరాదా భాయ్, చుట్టాలు గదా."

ఇంటి చుట్టూ కొబ్బరి చిప్పల్లో పానకం పెట్టాను. పాముకు పాలు పోసినవాళ్ల గురించి విన్నారు, దోమకు పానకం పోసినవాణ్ని చూడండి. ముందు చీమలు, తర్వాత ఈగలు, చీకటి పడితే దోమలు, కల్లు దుకాణం ముందు జనంలా. తాగి బలిసి, వడ్డించినవాణ్నే ముందు కుట్టాయి.

శనివారం ఆ పేజీ తిప్పాను. తీపి దొరికిన దోమ ఎక్కువకాలం బతుకుతుందట. రక్తం మాత్రం మానదట.

ఐతారం పొద్దున అత్త చిప్పలు చూసింది. ఏమిటవని అడిగితే రేణుక ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"బాలింత అని నా బిడ్డకు వట్టి ఎల్లిపాయకారం బువ్వ పెడుతున్న. నువ్వు దోమలకు బెల్లం పోసి సాదుతున్నవా?"

తల్లీబిడ్డల్ని తీసుకుని అత్త బయలుదేరితే, వాళ్ల సంచి మోస్తూ బస్సు దాకా వెళ్లాను. నేనూ వస్తానన్నాను.

"నువ్వు రాకు అల్లుడా. నీ మందకు మేతెవరేస్తరు?"

అందుకే బెల్లం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పేజీ తిప్పకుండా ఏ ప్రాణికీ వడ్డించను, ఊరిని దేనిలోనూ కలపమనను. బెల్లం తూచిన ఖాజా భాయ్‌కి, వేళకు తాళం వేసిన ఆంజనేయులు సారుకు, నిజం దాచని రేణుకకు, కథను ఊళ్లు దాటించిన సాయమ్మత్తకు కృతజ్ఞతలు. మున్సిపాలిటీ మనిషికీ చెబుదును గానీ, ఆయన ఇంకా రాలేదు.