డిక్కీలో రాజకుమారి

కళింగపట్నంలో ఎండుచేపలు అమ్మే రాజకుమారికి కారు పిచ్చి ఎలా పట్టిందని ఎవరైనా అడిగితే, ఆవిడ బస్సు కండక్టర్లను తిట్టడంతో మొదలుపెట్టేది. పెళ్లయిన నాటినుంచీ ఎండు నెత్తళ్లు గంపలకెత్తి సంతలు తిరిగిన మనిషి. ఎక్కిన ప్రతి బస్సులోనూ ముక్కులు మూసుకునేవాళ్లే, వెనక్కి పొమ్మనేవాళ్లే. అందుకని వ్యాపారం కలిసొచ్చిన ఏడాది ఆవిడ బంగారం జోలికి పోలేదు. శ్రీకాకుళంలో ఒక ముసలి ప్లీడరుగారి పెరట్లో కొబ్బరి మట్టల కింద మగ్గుతున్న తెల్ల అంబాసిడర్‌ని కొనేసింది.

నేర్చుకోవడం సముద్రపు ఒడ్డునే. మొగుడు దేవేంద్ర వేట నుంచి తిరిగొచ్చేసరికి కారు ఇసకలో గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతోంది.

"బ్రేకు తొక్కవే!" అని అరిచాడాయన నీళ్లలోంచే.

"ఎక్కడుందో ఎతుకుతన్నాను!" అంది రాజకుమారి, ఇంకో చుట్టు తిరిగి వస్తూ.

ఇప్పుడు ఆ కారులో తిరగని సంత లేదు. అలాంటిది, ఈ శీతాకాలం దానికి ఉన్నట్టుండి వణుకు పట్టుకుంది. స్పీడు యాభై దాటేదాకా బుద్ధిగానే ఉంటుంది. అరవైకి చేరగానే వణుకు కాళ్ల కింద మొదలై, సీటులోకి పాకి, దవడల దాకా వచ్చేస్తుంది. తోడుగా చెవిలో తుమ్మెద దూరినట్టు గుయ్‌మని ఒక రొద. ఆ సమయంలో నోరు తెరిస్తే మాట మేక అరుపులా వచ్చేది. రాజకుమారికి భయం వేయాలి గానీ, నవ్వొచ్చేది. కావాలనే అరవైకి తీసుకెళ్లి "దే..ఏ..ఏ..వేంద్రా" అని పిలిచి చూసుకునేది.

ఎచ్చెర్లలో మెకానిక్ షెడ్డున్న ఎర్రన్న ఆవిడకి అక్క మొగుడు. కారు అక్కడికి తోలింది. ఆయన ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపాడు. వణుకు చెక్కు చెదరలేదు. పరుగులో ఉండగానే గేరు తప్పించి న్యూట్రల్‌లో వదిలాడు. ఇంజను రొద తగ్గింది గానీ వణుకు తగ్గలేదు.

"ఇంజను తప్పు కాదే రాజీ. క్లచ్చు తప్పూ కాదు," అన్నాడు ఎర్రన్న. "గేరుబాక్సు ఎనకాల బండి కింద తిరిగే పొడుగు రాడ్డుందా, దాని జాయింట్లు పట్టుకుని ఊపాను. గట్టిగానే ఉన్నాయి. ఇంక మిగిలింది ఎనక ఇరుసు మీది గుండు. అది ఇప్పితే వారం పనే."

"ఇప్పకముందు దాని గొంతు ఇనొచ్చు కదా బావా?"

"ఇనాలంటే దాని మీద పడుకోవాల."

"పడుకుంటాను."

ఎర్రన్న నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. స్టెప్నీ బయటికి దించి, గోనె పరిచి, డిక్కీలోకి ఎక్కి పక్కకు తిరిగి పడుకుంది. మూత పూర్తిగా పడకుండా తాడుతో కట్టించింది. రొద పెరిగితే చెయ్యి బయటపెట్టి ఊపాలని ఒప్పందం. ఎర్రన్న స్టీరింగు పట్టుకున్నాడు.

కళింగపట్నం రోడ్డు ఖాళీగా ఉంది. రాజకుమారి చెవి రేకుకి ఆనించింది. నలభై, యాభై. వెనక గుండు కమ్మగా, తిరగలిలా చప్పుడు చేస్తోంది. అరవై వచ్చేసరికి వణుకు వచ్చింది గానీ, అది తన కింద నుంచి రాలేదు. ఎక్కడో ముందు నుంచి రేకు వెంట పాకుతూ వస్తోంది! ఆ సంతోషంలో ఆవిడ ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ బయటపెట్టి ఊపేసింది.

సరిగ్గా అప్పుడే వెనక నూకయ్య ఆటో వస్తోంది. అందులో వరికోతలు ముగించుకుని ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు. వాళ్ల ముఠామేస్త్రి కూర్మమ్మకి కనిపించిందేమిటంటే, తెల్లకారు డిక్కీలోంచి గాజుల చేతులు రెండు, గాలిలో కొట్టుకుంటూ.

"ఒరే నూకయ్యా! ఆడమనిసిని ఎత్తుకెల్లిపోతన్నార్రా! తోలరా!"

ఆటో హారను, ఆడవాళ్ల కేకలు. రాజకుమారికి ఏం జరుగుతోందో అర్థమై, "కాదు కాదు" అన్నట్టు చేతులు ఇంకా గట్టిగా ఊపింది. దాంతో కేకలు రెట్టింపయ్యాయి. ఎర్రన్న అద్దంలో ఊగుతున్న చేతులు చూసి, రొద బాగా పెరిగిందేమో అనుకుని కారు పక్కకు తీసి ఆపాడు. ఆయన కాలు కింద పెట్టేలోపు కూర్మమ్మ కొడవలి ఆయన ముక్కు ముందుంది.

"ఎక్కడికి తీసుకెల్తన్నావురా ఆవిణ్ని?"

"ఎక్కడికీ లేదమ్మా... సౌండు కోసం..."

"ఏటి కోసం?"

తాడు విప్పగానే రాజకుమారి లేచి కూర్చుంది. జుట్టు నిండా దుమ్ము, బుగ్గ మీద గ్రీజు. నవ్వు ఆగక మాట పెగలడం లేదు. "నన్నెవులు ఎత్తుకెల్తారమ్మా! నా కారే ఇది. ఈడు మా బావ. దీనికి ఒణుకు జబ్బు, నాడి సూస్తన్నాను!"

ఆటోలోంచి మొదలైన నవ్వు కూర్మమ్మ దాకా వచ్చేసరికి, ఆవిడ కొడవలి పక్కనబెట్టి రోడ్డు మీదే కూలబడింది.

"నేనూ ఇంటాను జబ్బు," అందావిడ కాస్త తేరుకుని. అంతే, ఆటో ఖాళీ అయింది. వెనక సీటు నిండా కోతల ఆడవాళ్లు. ఈసారి రాజకుమారి ముందు సీటు దగ్గర కారు అడుగున కూర్చుని, గేరుబాక్సు వెనక ఉబ్బెత్తుగా ఉండే రేకు మీద అరచెయ్యి ఆనించింది. కారు అరవైకి చేరింది. "బా..ఆ..ఆ..గుందే!" అంటోంది వెనక కూర్మమ్మ.

రాజకుమారికి మాత్రం అరచేతికి వణుకుతో పాటు ఇంకొకటి తగిలింది. టప్ టప్ టప్‌మని మెత్తగా, తడిగుడ్డ దులిపినట్టు. ఆ దెబ్బ ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు నాన్నతో పేచీ పెట్టి పడవెక్కినప్పుడు ఇంజను ఇలాగే అదిరేది. నాన్న తిట్టుకుంటూ కత్తి పట్టుకుని పంకా దగ్గర నీళ్లలోకి దిగేవాడు.

"ఆపు బావా! వల సుట్టుకుంది!"

"రోడ్డు మీద వలేటే?"

"మా ఒడ్డు మీద ఉన్నదంతా అదే. దిగి సూడు!"

ఎర్రన్న వెల్లకిలా కారు కిందికి దూరాడు. కింద నుంచి గొంతు వినిపించింది. "ఓలమ్మో! గ్రీజు ముద్దనుకున్నాను గానీ, ముందు జాయింటు కాడ జడల్లినట్టు ఉన్నాది. ఎనక జాయింటు ఒకటే ఊపాను, ముందుదాని మీద సెయ్యి పెట్టనేదు!"

కూర్మమ్మ కొడవలి అందించింది. కోసి లాగుతుంటే నైలాను వల చింపిరి ముక్క, దానికి అతుక్కుపోయిన ఇసక, తారు, గవ్వలు, ముద్దముద్దగా ఊడొచ్చాయి. ఒక పక్కకి బరువు వేలాడుతూ ఆ రాడ్డు ఇన్నాళ్లూ అలాగే గిర్రున తిరిగిందన్నమాట. ఊడి వేలాడిన వల కొసే రేకుకి కొట్టుకునేది.

ఈసారి స్టీరింగు రాజకుమారిది. ఆడవాళ్లు దిగమంటే దిగలేదు. చోటు లేక ఎర్రన్న, వెనకే వచ్చిన నూకయ్య ఆటో ఎక్కాడు. అరవై దాటింది, డెబ్భై దాటింది. కారు నూనె మీద జారినట్టు పోతోంది. ఎవరో పాట ఎత్తుకున్నారు, ఎవరికీ తాళం కుదరలేదు. కూర్మమ్మ వాళ్ల ఊరి మలుపు వచ్చింది. ఎవరూ ఆపమనలేదు. కారు తిప్పి నేరుగా శ్రీకాకుళం దారి పట్టించింది రాజకుమారి.

చెప్పులకు పొలం మట్టితోనే అందరూ ఐస్‌క్రీం కొట్టులోకి దిగారు. పాలరాతి బల్లల చుట్టూ కొడవళ్లు, కప్పులు, కేరింతలు. కొట్టువాడు బిత్తరపోయి ఇంకో ఫ్యాను వేశాడు. కాసేపటికి ముఖమంతా నల్లటి గ్రీజుతో ఎర్రన్న, వెనకే నూకయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"మా ఇద్దరికీ ఏదే?" అన్నాడు ఎర్రన్న.

రాజకుమారి తన రెండో కప్పు ఆయన చేతిలో పెట్టి, ఆ నల్లటి ముఖం మీద తెల్లటి మీసం పడేదాకా చూసి, మళ్లీ పొట్ట పట్టుకుని నవ్వింది.