ఇన్‌స్పెక్టర్ గారూ, మేస్త్రీ తాపీ

నిరుడు, విశాఖపట్నం విమానం ఎక్కే గేటు దగ్గర నా డ్యూటీ. మా సింగపూర్ ఎయిర్‌పోర్టులో తనిఖీ ఏ గేటుకు ఆ గేటు దగ్గరే. సామాను ఎక్స్‌రేలోంచి, మనిషి మెటల్ డిటెక్టర్ చౌకట్టులోంచి వెళ్ళాలి. దాన్నే స్క్రీనింగ్ అంటాం. ఆ ఎక్స్‌రే తెర ముందు కూర్చుని నేను పట్టిన బాంబులకు లెక్కలేదు. సరే, బాంబులు కావు, ఆవకాయ సీసాలు. అవీ పట్టింది పక్క సీటు సితీ. లోపలున్నది ఆవకాయని చెప్పింది మాత్రం నేనే.

అమెరికాలో డబ్బు కట్టినవాళ్ళకు ఈ తనిఖీ త్వరగా అయిపోతుందట. పోలీసులకు ఆ సదుపాయం ఉచితంగా ఇచ్చేలా చట్టం తేవాలంటున్నారట. మా పేట బెడోక్‌లో నాతో కాఫీ తాగేవాళ్ళు "నువ్వేమంటావ్?" అనడిగితే ఆ రోజు గుర్తొచ్చింది.

లైను పొడుగ్గా ఉంది. ఒకాయన లైను పక్కనుంచి నేరుగా నా దగ్గరికొచ్చి కార్డు తీశాడు. విజయనగరం వైపు సర్కిల్ ఇన్‌స్పెక్టరట.

"పెద్దాయనా, డిపార్ట్‌మెంట్ మనిషిని. ముందు పంపించెయ్యండి."

పులిలా గర్జించాను. గర్జించలేదు లెండి. "ఇక్కడందరూ ప్యాసింజర్లే సార్" అని సన్నగా నసిగాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి లైన్లో నిలబడ్డాడు.

ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు సింహాచలం, ఇక్కడ ఫ్లాట్లు కట్టే తాపీమేస్త్రీ. ఇన్‌స్పెక్టర్ తనిఖీ అయిపోయి బూట్లు వేసుకుంటున్నాడు. సింహాచలం సంచి ఎక్స్‌రేలో ఆగిపోయింది. లోపల తాపీ. అలాంటి పనిముట్లు చేతిసంచిలో పోనివ్వం.

"ఇది వదిలెయ్యాలి నాయనా. లేదంటే బయట కౌంటర్లో ట్యాగ్ వేయించుకో, విమానం అడుగున పెడతారు. కానీ మళ్ళీ లైను చివర్నుంచి రావాలి."

"ఒగ్గను అంకుల్. ఊళ్ళో నా ఇల్లు నానే కట్టుకుంతన్నాను. కొత్త తాపీ చేతికి అలవాటయ్యేసరికి గోడలు లేచిపోతాయి."

"విమానం పోతేనో?"

అతను లైను వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. 

ఇన్‌స్పెక్టర్ లేచాడు. "నువ్వు కౌంటర్‌కి పరిగెత్తు అబ్బాయ్. లైన్లో నీ చోటు నేను పడతాను."

"బయటికెళ్తే మీకూ మళ్ళీ మొత్తం తనిఖీ సార్!"

"చేస్కోండి పెద్దాయనా. మీకూ పనుండాలి కదా."

ఇక్కడ తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుంటాం. చోప్ చెయ్యడమంటాం. లైను చివర గుబురు మీసంతో నిటారుగా నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ని చూసి సితీ పగలబడి నవ్వింది. "అంకుల్, దిస్ టిష్యూ ప్యాకెట్ గాట్ మస్టాష్ లా!"

సింహాచలం రొప్పుకుంటూ తిరిగొచ్చేసరికి ఆ చోటు సగం దూరం జరిగింది. వెనకున్న ఆంటీ "ఇద్దరూ దూరతారా ఏంటి?" అంది. "లేదమ్మా, పట్టింది ఒక్క చోటే" అని ఇన్‌స్పెక్టర్ అతన్ని అక్కడ నిలబెట్టి, తాను మళ్ళీ చివరికి నడిచాడు.

ఆ విమానాన్ని నేనే ఆపించానని చెప్పుకుంటూ ఉంటాను. ఏమీ లేదు, చేతులు కాస్త గబగబా ఆడించానంతే. తాపీ విమానం అడుగుకు చేరింది, మేస్త్రీ ఎక్కాడు, అందరికంటే ఆఖర్న ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు.

ఆ చట్టం వస్తే రానివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. రోజంతా జనం కోసం నిలబడేవాళ్ళు పోలీసులు. కాకపోతే ఒక్క మాట. ఆ రోజు ఆయన అడగ్గానే నేను ముందు పంపేసి ఉంటే, సింహాచలానికి చోటు పట్టే మనిషే లేకపోయేవాడు.