వాస్తు చూసి నాటిన సముద్రపు పువ్వు

ఇంకొంచెం ఇటు జరగండి, చాప మీద చోటుంది. గోడకు ఆనుకొని కూర్చోండి. మా తమ్ముడి తెలివి గురించి చెబుతాను. అది దగ్గర కూర్చొని వినాల్సిందే, దూరం నుంచి వింటే నేను కల్పించి చెబుతున్నాననుకుంటారు.

మా తమ్ముడు మా కేజీఎఫ్‌లో, అదే కోలారు బంగారు గనుల ఊళ్ళో, రోజూ పొద్దున్నే రైలెక్కి బెంగళూరు ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం రైలుకు తిరిగొస్తాడు. రైలు పెట్టెలో పక్కవాడు ఏది చెప్తే అది వాడికి శాస్త్రం. మరదలు ఇక్కడే ఒక బడిలో టీచరు. నేను వాళ్ళతోనే ఉంటాను.

సముద్రం మా ఇంట్లో ఎవరూ కళ్ళతో చూసింది లేదు. మాకు తాగే నీళ్ళే ట్యాంకరులో వస్తాయి. అయినా మరదలు ఆ నీళ్ళను వడకట్టి, డబ్బాలో అమ్మే సముద్రపు ఉప్పు కలిపి, హాల్లో గాజు తొట్టిలో పగడం పెంచింది. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్ర రాయి అని నేననుకున్నాను. కాదు, ప్రాణమున్నది. ఎవరో స్నేహితురాలు గోరంత ముక్క ఇస్తే, రాతికి అతికించి, అరచెయ్యంత చేసింది. నీలం దీపం కింద అది అప్పుడే మొలిచిన రాగి నారులాగా పచ్చగా ఉండేది. బడి నుంచి రాగానే చెప్పులు విడవకముందే దాన్ని చూసుకునేది.

తమ్ముడికి అది చాలలేదు. రైల్లో ఎవడో ఫోనులో చూపించాడట, సముద్రపు పువ్వులో చేప పడుకోవడం. అనిమోన్ అంటారు దాన్ని; పేరుకే పువ్వు, అదీ ప్రాణమున్న జీవే. ప్లాస్టిక్ సంచీలో నీళ్ళతో సహా పట్టుకొచ్చాడు.

మరదలు అప్పుడే చెప్పింది. "దాన్ని ఇందులో వేయొద్దండీ. అది యాడ బాగుంటే ఆడికి నడిచిపోతాది. పగడానికి తగిలితే కాలుస్తాది."

"పువ్వు నడిచేదేంది? బళ్ళో పిల్లోళ్ళకు చెప్పుకో," అన్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆదివారం వాస్తు స్వామిని పిలుచుకొచ్చాడు. ఇంటికి వాస్తు చూసేవాళ్ళను చూశాను, గొడ్ల కొట్టానికి చూసేవాళ్ళనూ చూశాను. తొట్టి లోపల వాస్తు చూసిన మనిషిని మా ఇంట్లోనే చూశాను. ఆయన దిక్సూచి తీసి తొట్టి గాజుకు ఆనించాడు. ముల్లు గిర్రున తిరిగి ఒక మూల దగ్గర నిలిచింది. ఆ లెక్కన ఈశాన్యం పగడం పక్కన తేలింది. పువ్వు అక్కడుంటేనే ఇంటికి ఐశ్వర్యమట.

"స్వామీ, లోపల నీళ్ళు తిప్పే మోటారు ఆడ ఉండాది," అంది మరదలు. "అది అయస్కాంతంతో గాజుకు అంటుకోనుండాది. మీ ముల్లు దాన్ని చూస్తాంది."

"శాస్త్రానికి మోటారు అడ్డం రాదమ్మా," అన్నాడాయన.

ఆ లెక్క ప్రకారం మా ఇంటికి సూర్యుడు బాత్రూము వైపు లేవాలి. ఆ మాటే తమ్ముడితో అన్నాను.

"అక్కా, నువ్వు సుమ్నే, ఊరికే ఉండు. నీకు తెలీదు," అన్నాడు.

తమ్ముడు పువ్వును స్వామి చూపిన చోటే, మోటారు ముందరే పెట్టాడు. అక్కడ నీళ్ళు ఉరవడిగా కొడతాయి. ఆ పువ్వుకు అది పడలేదు. తెల్లారేసరికి కదిలింది, పగడాన్ని రాసుకుంటూనే కదిలింది. తమ్ముడు చెయ్యి పెట్టి, రాతికి కరుచుకున్న దాని పాదం పెరికి, మళ్ళీ అదే చోటుకు తెచ్చాడు. అది మళ్ళీ కదిలింది, వీడు మళ్ళీ తెచ్చాడు. ఆఫీసుకు ఆలస్యమైనా సరే, దాన్ని ఈశాన్యంలో కూర్చోబెట్టందే రైలెక్కడు. మరదలు తొట్టికి అడ్డంగా నిలబడి బతిమాలింది.

"పోనీ, దాన్ని దానికి నచ్చిన చోట ఉండనీండి. మీరు వెనక్కి తెచ్చినప్పుడల్లా నా పగడం మీద నుంచే పోతాంది. సగం పోయింది."

నేను వంగి చూశాను. ఒక పక్కంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఇంగ రెండు దినాలు ఓర్చుకో. అలవాటు పడతాది," అన్నాడు, తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ.

 వాడు స్టేషనుకు పోగానే ఆమె బడికి సెలవు చెప్పింది. పగడాన్ని పైకి తీసి, కట్టరుతో చచ్చిన భాగం కోసేసి, పచ్చగా మిగిలిన ముక్కలను చిన్న రాళ్ళకు అతికించింది. పాత తొట్టి ఒకటి అటక మీద నుంచి దించాం. దీపానికి ప్లగ్గు వంటింట్లోనే ఉంది కాబట్టి, వంటింటి గట్టు మీదే పెట్టింది.

సాయంత్రం తమ్ముడు స్వామిని వెంటబెట్టుకొని వచ్చాడు, పువ్వు ఎందుకు నిలవడం లేదో అడగడానికి. స్వామి వంటింట్లోకి తొంగి చూశాడు.

"ఏందమ్మా ఇది? ఆగ్నేయంలో నీళ్ళా? ఇంట్లో కొట్లాటలొస్తాయి."

"అవన్నీ ఈశాన్యంలోనే అయిపోయినాయి స్వామీ," అంది మరదలు. "కాఫీ తాగి పోండి."

తమ్ముడు తొట్టి వైపు చెయ్యి చాపబోయాడు. ఆమె చేతిలో గరిట ఉంది. దాన్ని ఎత్తలేదు, కిందా పెట్టలేదు. వాడు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు ఆ ముక్కల అంచుల్లో సన్నగా పచ్చ తిరిగింది. ఇప్పుడు నేను చారు తాలింపు వేస్తూ వాటిని చూస్తుంటాను. తమ్ముడు హాల్లో ఇప్పటికీ మోచేతి దాకా తడుపుకొని, పువ్వుకు దిక్కులు నేర్పుతూనే ఉన్నాడు.

వెళ్ళొస్తారా, మంచిది. మీ ఇంట కుళాయి ఎండకూడదు, పొయ్యి ఆరకూడదు. మీ ఆడవాళ్ళు చేత్తో పెంచుకున్నది ఏదైనా పచ్చగా నిలవాలి. దిక్సూచి పట్టుకున్నవాడు మీ వీధి తప్పి పోవాలి. పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.