ఫాల్ కుట్టే వేళ చదివిన నవలలు

నాకు రెండు రకాల పుస్తకాల పిచ్చి. ఒకటి నవలలు, రెండోది మనిషిని బాగుచేస్తామని మాటిచ్చే పుస్తకాలు. మంచి నవల చేతికొస్తే కూరలో ఉప్పు మరిచిపోతాను. బాగుపడే పుస్తకం చేతికొస్తే ఇల్లంతా సర్దేస్తాను, వారం తిరక్కుండా కుర్చీ మీద మళ్లీ బట్టల కుప్ప లేస్తుంది. ఆరంభశూరత్వమని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ వారమైనా నేను బాగుపడ్డానా లేదా?

నవలల్లో నాకు పట్టింపులు ఎక్కువ. మనుషులు అన్నం తినని నవలను నేను నమ్మను. ఎన్ని పేజీలు తిప్పినా ఎవరి పొయ్యి మీదా ఏమీ ఉడకలేదంటే ఆ రాసినాయన ఎన్నడూ వంటింటి గడప తొక్కలేదనే లెక్క. కథానాయిక ఏడ్చినప్పుడల్లా వాన కురిపించేవాళ్లంటే చిరాకు. పొద్దున పోట్లాడుకుని మధ్యాహ్నం ఒకే గిన్నెలోంచి వడ్డించుకునే మనుషుల కథలంటే ప్రాణం.

ఈ పట్టింపులు నాకు వాటంతటవే రాలేదు. మాదన్నపేటలో మా గోడను ఆనుకున్న ఇంట్లో ఒక అక్క ఉండేది. వాళ్లాయన కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. నయాపూల్ దగ్గరి చీరల దుకాణం సేటు నుంచి అక్కకు మూటలు వచ్చేవి. వాటికి ఫాల్ కుట్టి పంపాలి. అది చేతిపని, మిషన్ చప్పుడుండదు. వంటలయ్యాక ఆమె వరండాలో చాప పరిచి చీర ఒళ్లో వేసుకునేది, నేను పక్కన కూర్చుని నవల పైకి చదివేదాన్ని. అక్కకు చదువు రాక కాదు, చేతులు ఖాళీ లేక. "చేతులు సేటువి, చెవులు నావి. నువ్వు చదువు చెల్లే" అనేది.

ఆ రోజుకు చదువు ఆపినచోట కత్తిరించి మిగిలిన ఫాల్ ముక్క ఒకటి పేజీలో పెట్టేది. ఇప్పటికీ నా అలమరలో ఏ నవల తీసినా ఓ గుడ్డపేలిక జారిపడుతుంది. నెమలికంఠం రంగు ముక్క కనబడితే చాలు, ఆ చీర, ఆ ఎండ, కథ నచ్చనప్పుడు అక్క దారం కొరికి తెంపిన తీరు, అన్నీ గుర్తొస్తాయి.

ఆమెకో కట్టుబాటు ఉండేది. కొత్త నవల ఇంట్లోకి వస్తే తప్ప పాతదాని ఆఖరి అధ్యాయం చదవనిచ్చేది కాదు. మొదట్లో నాకు కోపం వచ్చేది. కథ గొంతుదాకా వచ్చాక ఆగమంటే ఎవరికి రాదు?

"బియ్యం డబ్బా అడుగు కనవడేదాక ఉంటమా? పిడికెడు ఉండంగనే కొత్తయి తెచ్చి పోస్తం. గిది గూడ గంతే. ఇంట్ల కథ అయిపోవద్దు" అనేది అక్క.

అలా, ఒక నవల ముగిసిన పూటే ఇంకోటి మొదలయ్యేది. మధ్యలో ఒక్క పూట కూడా మాకు కథ లేకుండా గడవలేదు.

నా రెండో పిచ్చి మీద మాత్రం అక్కకు బొత్తిగా గౌరవం లేదు. తెల్లవారకముందే లేచేవాడిదే విజయమని ఒక పుస్తకంలో ఉంటే ఎంతో భక్తిగా చదివి వినిపించాను.

"నల్లా వచ్చే యాళ్లకు లేస్తనే ఉన్నం గద. గాయిన చెప్పాల్నా మనకు? ముందుగాల గాయినింట్ల నీళ్లెవరు పడుతరో అడుగు" అంది సూది మీంచి తల ఎత్తకుండా. నేను అలిగాను. అయినా ఆ పుస్తకాలు మానలేదు. ఎవరో ఒకరు నేను ఇంకా బాగుపడే మనిషినని నమ్ముతున్నారు కదా, అదే నాకు వాటిలో నచ్చేది.

తర్వాత అక్క వాళ్లాయన రిటైరయ్యాడు. కూతురికి ఉద్యోగం, చిన్నపిల్లలు. వాళ్లు నగరానికి ఆ చివర ఫ్లాటులో ఉంటారు, అక్కావాళ్లు అక్కడికి వెళ్లిపోదామనుకున్నారు. అనుకున్నదే తడవుగా ట్రాలీ ఆటో వచ్చి నిలబడింది. అప్పటికి మేమొక నవల చదువుతున్నాం. ఇద్దరు తోటికోడళ్లు ఒకే వంటింట్లో వండుతూ ఏళ్ల తరబడి మాట్లాడుకోరు. ఆఖరి అధ్యాయం మిగిలింది, కొత్త నవల ఇంకా తేలేదు. గులాబీ రంగు ఫాల్ ముక్క అందులోనే ఉండిపోయింది.

అక్కను తలుచుకోని మధ్యాహ్నం లేదు. వంట కాగానే కాళ్లు వరండా వైపు లాగుతాయి. నోరు మూసుకుని చదివితే నాకు చదివినట్టే ఉండదు. మంచి వాక్యం వచ్చినప్పుడు తలెత్తి చూస్తాను, ఎదురుగా గోడ ఉంటుంది.

మొన్నీమధ్య ఒక బాగుపడే పుస్తకం కొన్నాను. సగంలో వదిలేసిన పనులు మనసును తినేస్తాయట, ఒక్కొక్కటీ పూర్తిచేసి పారేయమన్నాడు రాసినాయన. ఆయన మాట విని చిరిగిన దిండు గలీబు కుట్టాను, కారే కుళాయి బాగుచేయించాను. ఇక మిగిలింది ఆ అధ్యాయమే. గులాబీ ముక్క పక్కకు తీశాను కానీ, మొదటి వాక్యం దాటలేకపోయాను. అక్కకు ఫోన్ చేశాను.

"ఆ తోటికోడండ్ల కత ఆఖరిది ఫోన్ల చదవనా అక్కా?"

"కొత్తది తెచ్చినవా?"

"తెచ్చిన. కని గది కత కాదు, బాగుపడే పుస్తకం."

"గట్లైతే తేనట్టే. అయినా ఈడ చేతుల పని లేదు చెల్లే. ఉత్త చేతులతోని ఎట్ల వినాలె?"

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు ఆగలేదు. వినడానికి చేతుల్లో చీర లేని అక్కను నేను ఊహించుకోలేకపోయాను.

ఆదివారం నయాపూల్ వెళ్లాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే భాయ్ ఒక నవల తీసిచ్చాడు. "రోనేకీ హై క్యా?" ఏడిపిస్తుందా అని అడిగితే "థోడా థోడా", కొంచెం కొంచెం అన్నాడు. అదే మాకు కావలసిన మోతాదు. ఆ పక్కనే దుకాణంలో చింతపిక్క రంగు చీర కొన్నాను. ఫాల్ కుట్టించమంటారా అంటే వద్దన్నాను. ఫాల్ గుడ్డ, దారం, సూది విడిగా తీసుకుని, రెండు బస్సులు మారి అక్క దగ్గరికి చేరాను.

చీర ఒళ్లో పెడితే అక్క దాని అంచు వేళ్లతో తడిమి చూసుకుంది. సూదిలోకి దారం ఎక్కలేదు, కళ్లు మసకట. నేనే ఎక్కించి ఇచ్చాను. నేల మీద చాప పరిచి కూర్చున్నాం. ఆఖరి అధ్యాయం చదివాను. చివరికి ఒక తోటికోడలు గరిట పట్టుకుని "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంది, రెండోది తలూపుతుంది. అంతే, కథ అయిపోయింది.

"గింతేనా? గిందుకోసమా ఇన్నొద్దులు ఆగినం?" అంది అక్క. నాలుగు కుట్లు వేశాక, "మంచిగనే ఉందిలే" అంది.

కొత్తది మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం అయ్యేసరికి పిల్లలు బడి నుంచి వచ్చారు. ఫాల్ సగం దాకా వచ్చింది. మిగిలింది ఇంట్లో నేనే కుట్టుకుందామని చీర మడతపెట్టబోతే అక్క లాక్కుంది.

"ఈడ్నే ఉండనియ్యి. సగమే అయింది."

"వచ్చే నెల పెండ్లికి కట్టుకుందామనుకున్న అక్కా."

"పెండ్లికి ఇంకోటి కట్టుకో." చింతపిక్క రంగు ముక్క ఒకటి కత్తిరించి కొత్త నవలలో పెట్టి నా చేతికిచ్చింది.

ఆ నవల ఇప్పుడు నా దిండు పక్కన ఉంది. రెండో అధ్యాయం తెరవాలని వేళ్లు లాగుతున్నా తెరవడం లేదు. బాగుపడే పుస్తకం రాసినాయన మాట అన్నిటిలో వింటాను గానీ ఇందులో వినను. సగం ఫాల్ కుట్టిన చీరను కట్టుకోలేం, ఇంకొకరికి ఇవ్వలేం. అది అక్క ఇంట్లో ఉంది. నేను మళ్లీ వెళ్లాల్సిందే.