అమ్మ కళ్ళజోడు తీయకముందు

ఎవరింటికైనా వెళ్ళినప్పుడు "ఫోటోలు చూద్దురుగాని రండి" అంటే నాకిప్పుడు నీరసం వస్తుంది. ఒకప్పుడు ఆ మాట కోసమే కాచుక్కూర్చునేదాన్ని. వంటింట్లో టీ మరిగేలోపు ఒళ్ళో ఆల్బమ్ పెట్టేవాళ్ళు. టీ తాగడం, ఆల్బమ్ తిరగెయ్యడం ఇంచుమించు ఒకేసారి అయిపోయేవి. ఇప్పుడు కంప్యూటర్ ముందు కుర్చీ వేసి మరీ కూర్చోబెడుతున్నారు. ఒకే పుట్టినరోజు, ఒకే కేకు, ఒకే పిల్లాడు అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగి. "ఆగండాగండి, తర్వాతది ఇంకా బాగుంటుంది" అంటారు. బాగుందనే అంటాను. ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు.

మా తమ్ముడు నవ్వుతాడు. "నీకు పాతదైతే చాలు, బంగారమే అక్కా" అంటాడు. అదేం కాదు. పాత కెమెరాతో మేం పడ్డ తిప్పలు నాకింకా గుర్తున్నాయి. వాటిని మళ్ళీ పడే ఓపిక నాకు లేదు కూడా. కానీ వాడి కెమెరా మా ఇంట్లో ఏం తీసుకుపోయిందో, నాన్న కెమెరా ఏం మిగిల్చిందో చూశాక వాడితో గొంతు కలపలేకపోతున్నాను.

అప్పుడు మేం నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా కోస్తాలోని ఒక క్రైస్తవ మిషన్ ఊరి నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు. నాన్నకు గన్‌ఫౌండ్రీలో ఆఫీసు, అమ్మకు స్కూల్లో టీచరు ఉద్యోగం. నాన్న దగ్గర తోలు సంచీలో ఒక నల్ల కెమెరా ఉండేది. క్రిస్మస్‌కి వేసిన రోలు ఎండాకాలం దాకా రావాలి. అందుకని ఆయన కెమెరా ఎత్తారంటే ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టాల్సిందే. గడ్డం కొంచెం పైకి, నువ్వు జరుగు, వాడి చొక్కా గుండీ పెట్టు. ఇంత హడావిడీ అయ్యాక ఒక్క క్లిక్కు. రెండోది అడిగితే కళ్ళెర్రజేసేవారు.

అమ్మ తయారవ్వడం ఇంకో తతంగం. తల దువ్వుకోవడం, పౌడరు, కొంగు సర్దుకోవడం అన్నీ అయ్యాక చివర్న కళ్ళజోడు తీసేది. ఎప్పుడో ఒక క్రిస్మస్ ఫోటోలో ఫ్లాషు ఆ అద్దాల్లో పడి, కళ్ళున్న చోట రెండు తెల్ల మచ్చలు వచ్చాయట. అప్పటినుంచీ కళ్ళజోడుతో ఫోటో దిగనని ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది. తీసిన కళ్ళజోడు నా చేతికిచ్చేది. దాన్ని వీపు వెనక దాచి పట్టుకోవడం నా డ్యూటీ. మా ఆల్బమ్‌లో ఏ ఫోటోలో చూసినా నాకు ఒక చెయ్యి కనిపించదు.

పొద్దున లేచిందగ్గర్నుంచి పడుకునేదాకా అమ్మ ముఖం మీద ఆ కళ్ళజోడు ఉండాల్సిందే. మందపాటి అద్దాలు, నల్ల ఫ్రేము. అది లేకపోతే ఆవిడకు కెమెరా ఎక్కడుందో కూడా ఆనేది కాదు, నాన్న గొంతు వినపడే వైపు చూసేది. అందుకే ప్రతి ఫోటోలోనూ కళ్ళు చికిలించి, కాస్త పక్కకు చూస్తూ, ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది. "ఈవిడెవరోగానీ మన ఫోటోలన్నింట్లోకీ వచ్చేస్తోందే" అని తమ్ముడూ నేనూ ఆటపట్టించేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది.

నాన్నకు అన్నిట్లో ఓర్పు ఉందిగానీ రోలు చివర్లో మాత్రం ఉండేది కాదు. రెండో మూడో ఫోటోలు మిగిలాయంటే, మళ్ళీ ఒక పండగ దాకా ఆగలేకపోయేవారు. శనివారం ఆఫీసు ఒంటిపూట. నేరుగా అబిడ్స్‌లో మేం ఎప్పుడూ ఫోటోలు కడిగించే షాపుకి వెళ్ళి, దాని ముందు ఫుట్‌పాత్ మీదే నిలబడి, మిగిలినవి ఎదురుగా ఏది కనిపిస్తే దానిమీద కొట్టేసేవారు. డబుల్ డెక్కర్ బస్సు, చెప్పుల కొట్టు బోర్డు, వెంట నేనుంటే నేను. దీన్ని మా ఇంట్లో 'రోలు అవగొట్టడం' అనేవాళ్ళం. ఆ ఫోటోలను ప్రింటు వెయ్యొద్దని షాపువాడికి ముందే చెప్పేవారు. కాబట్టి వాటిని మేమెవరం చూసింది లేదు.

అమ్మకు ఇది అస్సలు నచ్చేది కాదు. "అంత ఆగలేకపోతే ఎలాగండీ? ఫిల్ము అలా రోడ్డు మీద తగలేస్తారా?" అని గొడవపడేది. ఆ శనివారాల్లో తను బేగం బజార్‌లో మిరపకాయలూ చింతపండూ కొనుక్కుని, ఆ షాపు దగ్గరే నాన్నను కలుసుకుని, ఇద్దరూ కలిసి ఇంటికి నడిచొచ్చేవాళ్ళు. నడిచినంత దూరం ఈ గొడవే.

తర్వాత తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. మొదటి ఏడాదే డిజిటల్ కెమెరా కొన్నాడు. "ఇంక ఊపిరి బిగబట్టక్కర్లేదు. ఎన్నైనా తీసుకోవచ్చు" అన్నాడు. నిజమే. నాన్న కూడా సంతోషించి నల్ల కెమెరాను అల్మారాలో పెట్టేశారు. అమ్మ మాత్రం కెమెరా కనిపించగానే కళ్ళజోడు మీదికి చెయ్యి పోనిచ్చేది. "ఉంచుకో అమ్మా, ఫ్లాష్ లేదు" అని తమ్ముడు అలాగే తీసేవాడు. తీసిన వెంటనే చూపించమనేది. ఆ చిన్న తెరను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఛీ, కళ్ళజోడుతో ముసలమ్మలా ఉన్నాను. ఈ ఫోటో తీసెయ్యరా" అనేది. వాడు తీసేసేవాడు. కన్నతల్లి అడిగితే ఎవరు కాదంటారు? మళ్ళీ కళ్ళజోడు లేకుండా ఇంకోటి.

ఒక వానాకాలం అమ్మ పోయింది. జబ్బని మంచాన పడలేదు, ఎవరికీ టైమివ్వలేదు. ఏడాది తిరిగాక చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టుకుందామని నాన్న అన్నారు. ఫోటో పని తమ్ముడు తీసుకున్నాడు. మంచిది ఏరి, రంగులు సరిచేయించి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చాడు. నిజంగా బాగుంది. గోడకు ఆనించి అందరం ఎదురుగా కూర్చున్నాం.

నేను ఆఫీసుకు పోతే మా పాపను పెంచింది అమ్మే. అది వచ్చి ఫోటో ముందు నిలబడింది.

"ఈమె ఎవరు?" అంది.

"అమ్మమ్మ కదే" అన్నాను.

"కాదు. అమ్మమ్మకి కళ్ళజోడు ఉంటుంది."

నవ్వబోయి ఆగిపోయాం. పాప తన ఆటకు తాను వెళ్ళిపోయింది. ఇంకో రెండేళ్ళు పోతే గోడమీద ఉన్నదే అమ్మమ్మ అని ఇదీ నమ్మేస్తుంది. అప్పుడు కాదనడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. కళ్ళు మూసుకుని అమ్మను కళ్ళజోడుతో తలుచుకోవాలని చూశాను. ఫ్రేము కనిపిస్తోంది, అద్దాలు కనిపిస్తున్నాయి, వాటి వెనక మాత్రం ఈ ఫోటోలోని చికిలించిన కళ్ళే వస్తున్నాయి. చాలా భయమేసింది.

తమ్ముడి కంప్యూటరంతా వెతికాం. వందల ఫోటోలు, అన్నీ నీటుగా సర్ది ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ కళ్ళజోడు లేదు. "తనే తీసెయ్యమందక్కా" అన్నాడు వాడు, నేనేమీ అనకుండానే. వాడి ముఖం చూసి జాలేసింది. ఆల్బమ్‌ల సంగతి సరేసరి.

"నెగటివ్‌లు చూశారా?" అన్నారు నాన్న. ఆయన దేన్నీ పారేసే మనిషి కాదు. అల్మారా పైన పాత సూట్‌కేసులో కవర్లు కవర్లుగా ఉన్నాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూడటం మొదలుపెట్టాను. నెగటివ్‌లో అంతా తలకిందులు కదా, తెల్లటివి ముదురుగా, నల్లటివి లేతగా కనిపిస్తాయి. మెడ లాగేస్తోంది, కళ్ళు మంటలు. ఎన్నో కవర్లు అయ్యాక ఒక రోలు చివర్న బస్సు, దాని తర్వాత ఏదో బోర్డు, ఆ తర్వాత ముదురు రంగు ముఖమొకటి. ఆ ముఖం మీద లేత రంగులో రెండు సున్నాలు.

మర్నాడు ఆఫీసు అవ్వగానే అబిడ్స్ వెళ్ళాను. షాపు అదేగానీ బోర్డు మారింది. కౌంటర్లో ఉన్నాయన నెగటివ్‌ను లైటు మీద పెట్టి చూసి పెదవి విరిచాడు.

"ఏందమ్మా గిది? గీ నెగటివ్‌లు ఇప్పుడెవ్వరు తెస్తలేరు. కడిగే మిషన్ గూడ తీసేసినం. స్కాన్ చేసి ఇయ్యాలె."

"చేసివ్వండి."

"గా లాస్టుదా? గది వేస్టు ఫోటో గదా. మనిషి గూడ కదిలింది. ఎనక మంచివి ఉన్నయి చూడుర్రి."

"అదే కావాలి."

"మీ ఇష్టం. జర కూసోండి."

కూర్చున్నాను. డిజిటల్‌ను అంత ఆడిపోసుకునే నాకు చివరికి ఆ మిషనే దిక్కయింది. ఒప్పుకోక తప్పదు. కానీ నచ్చలేదని ఫిల్ము మీంచి ఏదీ చెరిపెయ్యడం కుదరదు. ప్రింటు వెయ్యకపోయినా అది అక్కడే పడి ఉంటుంది. మనుషులకన్నా ఓపికగా ఉంటుంది.

ఆయన చేతికిచ్చిన ప్రింటు తీసుకుని బయటికొచ్చి, ఆ ఫుట్‌పాత్ మీదే నిలబడి చూశాను. అమ్మ. చంకలో బేగం బజార్ సంచీ. ఒక చెయ్యి నాన్నను ఆపడానికి ముందుకు చాచి ఉంది, రెండోది అప్పుడే కళ్ళజోడు వైపు లేస్తోంది. ఇంకా చేరలేదు. నోరు తెరిచి ఉంది. ఆ మందపాటి అద్దాల వెనక కళ్ళు కోపంతో పెద్దవై, నేరుగా నావైపే చూస్తున్నాయి. జనం నన్ను తోసుకుంటూ పోతుంటే నిలబడి ఏడ్చాను.

తమ్ముడు ప్రింటును చేతిలోకి తీసుకుని చూశాడు. ఆ తర్వాత, "చర్చి అయ్యగారూ అందరూ వస్తారు. కూటంలో అమ్మ తిడుతున్న ఫోటో ఎలా పెడతాం అక్కా?" అన్నాడు. అదీ నిజమే. చర్చికి వాడు తెచ్చిన ఫ్రేమే వెళ్ళింది. ఇంట్లో, భోజనాల బల్ల పక్కన, నేను తెచ్చింది పెట్టాం.

పాప అన్నం తింటూ తలెత్తి చూసింది.

"అమ్మమ్మ!" అంది. మళ్ళీ చూసి, "ఎవర్ని తిడుతోంది?" అని అడిగింది.

నాన్న, "నన్నేనమ్మా, ఫిల్ము వేస్టు చేస్తున్నానని" అన్నారు. అని, తన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.