రెండో సగం వీధికి అవతల

మా ఎదురింటి అత్త పోయింది. ఆ కబురు తెచ్చింది ఆవిడ తమ్ముడి కూతురు, అత్తతో ఉంటూ ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చే పిల్ల. దానికి తెలుగు అర్థమవుతుంది, నోట రాదు. తెల్లారి మా గుమ్మంలో నిలబడి బర్మా భాషలో గడగడా చెప్పేసింది. అందులో తెలుగు ముక్క "అత్త" ఒక్కటే. అది చాలింది నాకు. చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డ మిషను మీద పడేసి పరుగెత్తాను. నిద్రలోనే పోయిందట. ముందురోజు మధ్యాహ్నమే మేమిద్దరం ఒక సినిమా సగం దాకా చూసి ఆపాం. మనిషి పోతే సినిమా గుర్తుకొస్తుందా ఎవరికైనా, అని మీరనుకోవచ్చు. నాకదే గుర్తొచ్చింది, ఏం చెయ్యమంటారు? మిగతా సగం నేనెవరితో చూడాలి?

సగంలో ఎందుకు ఆపామో చెప్పాలి. యాంగోన్‌లో ఇప్పుడు కరెంటు వంతుల మీద వస్తుంది. తాకేటాలో మా వీధికి ఈ పక్క ఒక లైను, ఆ పక్క ఇంకో లైను. మాకున్నప్పుడు వాళ్ళకుండదు, వాళ్ళకొచ్చేసరికి మాకు పోతుంది. "మీ లా బీ!" అని అవతలి పిల్లలు అరిచారంటే వాళ్ళకి కరెంటొచ్చిందన్నమాట. ఆ కేక వింటే అందరూ నీళ్ళ మోటారు వేసుకోడానికీ, కరెంటు కుక్కర్లో అన్నం పడేసుకోడానికీ ఉరుకుతారు. మేమిద్దరం సినిమా డిస్కు పట్టుకుని వీధి దాటేవాళ్ళం. మొదటి సగం మా ఇంట్లో, రెండోది వాళ్ళింట్లో. ఒక్కోరోజు అటుదిటు. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోవడం అత్త వంతు. వానాకాలంలో డిస్కుని, ఇక్కడ ఆడవాళ్ళమూ కట్టే లుంగీ మొలలో దోపుకుని, గొడుగేమో పొద్దుతిరుగుడు గింజల పొట్లానికి పట్టేది. తను మాత్రం తడిసి ముద్దయ్యేది.

"జొరమొస్తాది అత్తా" అంటే, "నాను ఆరతాను. గింజలు మెత్తబడిపోతే మరేటి సేస్తావు?" అనేది.

ఆ డిస్కుల సంగతి మరీ వింత. మా వీధి చివర ఒకప్పుడు సినిమాలు అద్దెకిచ్చే కొట్టుండేది, అత్త అందులోనే పనిచేసింది. అందరూ ఫోన్లలో చూడ్డం మొదలెట్టాక కొట్టు మూసేస్తూ, యజమాని ఆవిడని నచ్చినవి పట్టుకుపొమ్మన్నాడు. ఈవిడ ఏరి ఏరి, ఏ ఒక్కరూ అద్దెకి తీసుకోని సినిమాలన్నీ గోనెసంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"మంచివన్నీ ఒగ్గీసి ఈ చెత్త తెచ్చినావేటి అత్తా?"

"బాగున్న సినిమా అందరూ సూత్తారే గుంటా. బాగోనిదాన్ని ఎవులు సూత్తారు? దాన్నీ ఎవులో కట్టపడే తీసినారు కదా."

నాకు నడి వయసు దాటినా ఆవిడకి నేను గుంటనే.

ఏం సినిమాలనుకున్నారు! ఒకదాంట్లో పెళ్ళికొడుకు గుర్రమెక్కుతాడు, ఇక దిగనంటాడు. సినిమా అయిపోయేదాకా గుర్రం మీదే భోజనం, గుర్రం మీదే నిద్ర. ఇంకోదాంట్లో ఒక ముసలాయన తన తలుపుకి సరిపడే ఇల్లు వెతుక్కుంటూ, ఆ తలుపు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరుగుతాడు. ఏ దేశానివో తెలీదు, ఏ భాషో తెలీదు, కింద అక్షరాలు కూడా ఉండవు. కథ మేమే చెప్పుకునేవాళ్ళం. "అది ఆడి పెళ్ళాం కాదే, అప్పసెల్లు. సూడు, ఎలా కసురుతందో" అని ఆవిడ, "కాదత్తా, పెళ్ళామే, అందుకే కసురుతంది" అని నేను. అలా వాదించుకుని ఒక మాట మీదికొచ్చాకే సినిమా కదిలేది.

ఒకసారి పప్పులో కాలేశాం. భర్త కోసం ఊళ్ళన్నీ గాలించే ఒక ఇల్లాలి కథ చూసి ఇద్దరం ముక్కులు చీదుకుంటూ ఏడ్చాం. తర్వాత అదే సినిమా బర్మా అక్షరాలతో ఆ ఫ్యాక్టరీ పిల్ల ఫోన్‌లో కనబడింది. ఆవిడ వెతికేది భర్తని కాదట, పారిపోయిన పందిని! నేను నవ్వలేక చచ్చాను. అత్త మాత్రం ఫోను తిరిగిచ్చేసి, "తీసినోలకేటి తెలుసు?" అంది. ఆ మాట మీద నుంచి మళ్ళీ దిగలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ మా కథే బాగుందనిపించింది.

మా అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఊరుకో ఊరుకో అన్నారు. అత్త మాత్రం పక్కన కూచుని గుర్రం మీది పెళ్ళికొడుకుని పెట్టింది. గుర్రం తుమ్మిన చోట నాకు నవ్వాగలేదు. మా పెద్దమ్మ, ఇదేం చోద్యమని కేకలేసింది.

"నవ్వనీయప్పా. ఏడుపెక్కడికి పోద్ది? రేపూ ఉంటాది" అంది అత్త.

ఉంది కూడా, చాలా కాలం. కానీ ఆ రోజు నవ్వకపోయుంటే నేనేమైపోయేదాన్నో. మా తాతలు ఇక్కడికి ఓడరేవు పనికొచ్చిన కాలంలో తెలుగు వీధంతా వినబడేదట. ఇప్పుడు ఇంట్లో నేనూ నా మిషనూ. కుట్టించుకోడానికొచ్చేవాళ్ళతో కొలతలు కూడా బర్మా భాషలోనే. నోరారా నాలుగు తెలుగు మాటలు ఆడానంటే ఆవిడ పుణ్యమే. ఈ ముక్క ఆవిడ ఉన్నప్పుడు అనలేదు, అంటే తిట్టేది.

ఇక ఆ సగం చూసిన సినిమా. ఎక్కడిదో కొండల్లో ఒక ఊరు. పొద్దున్న లేచేసరికి ఊరందరికీ ఎక్కిళ్ళు. పూజారికీ, పంతులుకీ, మంగలికీ, చంటిపిల్లలకీ. మంగలి చేతిలో కత్తి, దాని కింద గడ్డం గీయించుకునేవాడి గొంతు, ఇద్దరికీ ఎక్కిళ్ళే! మేమిద్దరం పొట్టలు పట్టుకున్నాం. అంతలో మా ఇంట్లో కరెంటు పోయింది. ఆ రోజేం మాయరోగమో, అవతలికీ రాలేదు. చీకటి పడేదాకా చూసి అత్త లేచింది.

"ఎక్కిళ్ళొచ్చినాయంటే ఎవులో తలుసుకుంటన్నట్టే కదే. ఊరందర్నీ ఒక్కసారే తలుసుకుంటన్న ఆ మనిసి ఎవులో, రెండో సగంలో ఒస్తాడు సూడు. రేపు మా ఇంటికాడ సూద్దుం. గింజలు నువ్వట్టుకురా."

అలా అని డిస్కు మొలలో దోపుకుని వీధి దాటి వెళ్ళింది.

సాగనంపడానికి వీధి రెండు పక్కలవాళ్ళూ వచ్చారు. దినాలయ్యాక కూడా నేను ఆ గుమ్మం తొక్కలేకపోయాను. మిగతా సగం చూస్తే అయిపోతుంది, అదే నా భయం. చూడకపోతే అత్త అన్న ఆ మనిషి ఎవరో ఎప్పటికీ తెలియదు. చివరికి ఒక ఆదివారం ఆ పిల్లే వచ్చి, కరెంటుంది రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. డిస్కు పెట్టి పక్కనే బుద్ధిగా కూచుంది, ఫోను ముట్టుకోకుండా.

రెండో సగం నడిచింది. కొండ దారిలో ఎవరు కనబడ్డా, వీడేనేమో అనుకున్నాను. ఒక బండివాడు వెళ్ళిపోయాడు. ఒక ముసలమ్మ మేకల్ని తోలుకుని వెళ్ళిపోయింది. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో అదే మొదలు. ఎవరు ఎవరికేమవుతారో, ఎవరి మీద ఎవరికి కోపమో, ఏమీ తెలియలేదు. పిల్ల రెండు మూడుసార్లు నా మొహంలోకి చూసింది, చెబుతానేమోనని. నోరు తెరిచాను గానీ కథ రాలేదు.

అత్త చెప్పిన ఆ తలుచుకునే మనిషి ఊళ్ళోకి రానేలేదు. ఒక మధ్యాహ్నం ఊరందరికీ ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి. తర్వాత నవ్వడం మొదలెట్టారు, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు పడి, మంగలి, పూజారి, పిల్లలు, అందరూ.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని పిల్ల బర్మా భాషలో అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను తెలుగులో. తెర మీద వాళ్ళు అలా నవ్వుతూనే ఉన్నారు.